రివర్స్ ప్రాక్సీ వెనుక కంటైనర్ అప్లికేషన్: మజిలీ మజిలీకీ సరిచూసుకుంటూ కట్టే పద్ధతి

బ్రౌజర్‌లో డొమైన్ టైప్ చేస్తే తెల్లటి పేజీ మీద 502 బ్యాడ్ గేట్‌వే అని వస్తుంది. అప్లికేషన్‌ను దానికి కావాల్సినవాటితో సహా విడిగా నడిపే పెట్టె, అంటే కంటైనర్, మాత్రం నడుస్తూనే ఉంటుంది, దాని లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా కనిపించదు. అప్పుడు టెన్షన్‌లో చాలామంది కాన్ఫిగ్‌లో అక్కడొక లైను, ఇక్కడొక లైను మార్చి అన్నీ రీస్టార్ట్ చేసి చూస్తారు. ఒక్కోసారి పని చేస్తుంది కూడా. కానీ ఎందుకు చేసిందో తెలియదు కాబట్టి, మళ్లీ ఆగినప్పుడు కథ మొదటికొస్తుంది.

నేను పాటించే పద్ధతి వేరు. రిక్వెస్ట్‌ను ఒక ప్రయాణం అనుకుందాం. బ్రౌజర్ నుంచి, అప్లికేషన్ ముందు నిలబడి రిక్వెస్ట్‌లు అందుకునే రివర్స్ ప్రాక్సీకి, ప్రాక్సీ నుంచి అప్లికేషన్ కంటైనర్‌కు, అక్కడి నుంచి డేటాబేస్‌కు దానికి కొన్ని మజిలీలు ఉంటాయి. అన్నిటికంటే లోపలి మజిలీతో మొదలుపెట్టి బయటికి కట్టుకుంటూ రావాలి. ప్రతి మజిలీ దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. రిక్వెస్ట్ ఇక్కడిదాకా చేరుతోందా? చేరితే, అది అసలు ఎవరి నుంచి, ఏ డొమైన్ పేరు మీద, హెచ్‌టీటీపీఎస్‌లోనే వచ్చిందా లేదా అన్న సమాచారం కూడా దానితో పాటు చేరుతోందా? మొదటి ప్రశ్న దారికి సంబంధించినది, రెండోది కబురుకు సంబంధించినది. నేను చూసిన ప్రాక్సీ సమస్యల్లో ఎక్కువ భాగం ఈ రెండింట్లో ఏదో ఒక దాని కిందికే వచ్చాయి.

ఈ గైడ్‌లో ఒక లైనక్స్ సర్వర్, కంటైనర్లను నడిపే డాకర్, చాలా కంటైనర్లను ఒక ఫైల్‌లో సర్వీస్‌లుగా రాసి కలిపి నడిపే డాకర్ కంపోజ్, ప్రాక్సీగా పనిచేసే ఎన్‌జిన్ఎక్స్ వాడుతున్నాం. అప్లికేషన్ సర్వీస్ పేరు వెబ్, అది 8000 పోర్ట్ (కనెక్షన్లు వచ్చే నంబరున్న ద్వారం) మీద వింటుంది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, దాని పోర్ట్ 5432. ప్రాక్సీ సర్వీస్ పేరు ప్రాక్సీ. కమాండ్‌లు, డైరెక్టివ్‌ల పేర్లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్‌లో రాయండి. ఎన్‌జిన్ఎక్స్ డైరెక్టివ్ పేరులో రెండు మూడు పదాలుంటే వాటి మధ్య అండర్‌స్కోర్ వస్తుంది.

అసలు ప్రాక్సీ ఎందుకు?

సర్వర్‌లో 443 పోర్ట్ ఒక్కటే ఉంటుంది, అప్లికేషన్‌లు మాత్రం నాలుగు ఉండొచ్చు. వచ్చిన రిక్వెస్ట్‌లో డొమైన్ పేరు చూసి దేన్ని ఎక్కడికి పంపాలో తేల్చేవాడు గుమ్మం దగ్గర ఒకడు ఉండాలి. సర్టిఫికెట్ల పని కూడా అతనొక్కడే చూసుకుంటే, ప్రతి అప్లికేషన్‌లోనూ ఆ బాధ్యత పెట్టాల్సిన పని లేదు.

అంతగా ఎవరూ చెప్పుకోని కారణం ఇంకొకటి ఉంది. పైథాన్‌లో గునికార్న్ లాంటి సర్వర్ మామూలు సింక్ వర్కర్లతో నడుస్తుంటే, ఒక్కో వర్కర్ ఒకసారికి ఒక్క రిక్వెస్ట్‌నే పట్టుకుంటుంది. సిగ్నల్ సరిగా లేని ఫోన్ నుంచి ఎవరైనా 20 సెకన్ల పాటు నెమ్మదిగా ఫొటో అప్‌లోడ్ చేస్తే ఆ 20 సెకన్లూ ఆ వర్కర్ ఖాళీగా ఎదురుచూడాల్సిందే. అలాంటి వాళ్లు నలుగురు వస్తే నాలుగు వర్కర్లూ అయిపోయినట్టే. ఎన్‌జిన్ఎక్స్ అయితే ఆ నెమ్మది అప్‌లోడ్‌ను తన దగ్గర పూర్తిగా పోగుచేసుకుని, ఆ తర్వాత ఒక్క దెబ్బలో అప్లికేషన్‌కు ఇస్తుంది. ఇగోర్ సిసోయెవ్ 2004లో బయటకు విడుదల చేసిన ఈ సర్వర్‌ను రాసిందే వేల కనెక్షన్లను ఒకేసారి, తక్కువ మెమరీతో పట్టుకుని కూర్చోవడానికి. అందుకే అప్లికేషన్ ఒక్కటే ఉన్నా ముందు ప్రాక్సీ పెట్టడం మంచిదని నా అభిప్రాయం.

మొదటి మజిలీ: కంటైనర్ తనంతట తాను నిలబడాలి

ప్రాక్సీ గురించి ఆలోచించే ముందు అప్లికేషన్ కంటైనర్ ఒక్కదాన్నే చూడండి. మొదట చూడాల్సింది అది ఏ అడ్రస్ మీద వింటోంది అన్నది. చాలా ఫ్రేమ్‌వర్క్‌ల డెవలప్‌మెంట్ సర్వర్లు 127.0.0.1 మీద వింటాయి. ల్యాప్‌టాప్‌లో అది సరిపోతుంది. కంటైనర్‌కు మాత్రం తన సొంత నెట్‌వర్క్ ఉంటుంది కాబట్టి, దాని లోపలి 127.0.0.1 అంటే ఆ కంటైనర్ మాత్రమే. పక్క కంటైనర్ నుంచి వచ్చే రిక్వెస్ట్ దానికి వినబడదు. అప్లికేషన్ 0.0.0.0 మీద, అంటే తనకున్న అన్ని అడ్రస్‌ల మీదా వినాలి. లాగ్‌లో "127.0.0.1:8000 మీద వింటున్నాను" అనే అర్థం వచ్చే లైను కనిపిస్తే అక్కడే ఆగి దాన్ని మార్చండి. ప్రాక్సీలో ఎన్ని మార్చినా ఉపయోగం ఉండదు.

రెండోది, కంటైనర్ ఆగే తీరు. డాకర్ స్టాప్ అన్నప్పుడు ముందు ఆగమని చెప్పే సిగ్‌టర్మ్ అనే సిగ్నల్ వెళ్తుంది. మామూలుగా 10 సెకన్ల లోపు ప్రాసెస్ ఆగకపోతే, దాన్ని బలవంతంగా ఆపేసే సిగ్‌కిల్ వస్తుంది. ఇమేజ్ తయారీ సూచనలుండే డాకర్‌ఫైల్‌లో, అప్లికేషన్‌ను మొదలుపెట్టే సిఎండి లైనును బ్రాకెట్లు లేకుండా మామూలు వాక్యంలా రాస్తే, డాకర్ దాన్ని ఒక షెల్ ద్వారా నడుపుతుంది. అప్పుడు ఆ సిగ్నల్ షెల్ దగ్గరే ఆగిపోయి, మీ అప్లికేషన్‌కు అందకపోవచ్చు. ఫలితం: ప్రతి అప్‌డేట్‌కూ 10 సెకన్ల నిరీక్షణ, ఆ తర్వాత సగంలో తెగిపోయే రిక్వెస్ట్‌లు. చదరపు బ్రాకెట్లలో, కోట్‌లలో విడివిడి పదాలుగా రాసే పద్ధతి వాడండి. అలాగే కంటైనర్ లోపల రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) కాకుండా మామూలు యూజర్‌గా నడపండి. 8000 పోర్ట్‌కు రూట్ అవసరం లేదు.

ఒక హెల్త్ చెక్ పేజీ కూడా పెట్టుకోండి. "స్లాష్ హెల్త్" అని అడిగితే 200 ఇస్తే చాలు. డేటాబేస్‌ను కూడా అక్కడే పరీక్షించాలా వద్దా అన్న దాని మీద వాదనలున్నాయి. నేను వద్దంటాను. డేటాబేస్ ఒక నిమిషం తడబడితే ఏ తప్పూ లేని వెబ్ కంటైనర్‌ను చెడిపోయిందని ముద్ర వేయడం వల్ల లాభం లేదు.

రెండో మజిలీ: నెట్‌వర్క్, పోర్ట్‌లు

ఈ భాగం నెమ్మదిగా చదవండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువ ప్రమాదం కొనితెచ్చుకునేది ఇక్కడే.

కంపోజ్ ఫైల్‌లో పోర్ట్స్ కింద 5432:5432 అని రాస్తే, ఆ పోర్ట్ సర్వర్‌కు ఉన్న అన్ని అడ్రస్‌ల మీదా తెరుచుకుంటుంది, అంటే ఇంటర్నెట్ వైపు కూడా. "నా సర్వర్‌లో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ ఉంది, 22, 80, 443 తప్ప అన్నీ మూసేశాను" అని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. ఒక ప్రాజెక్ట్‌లో డేటాబేస్ లాగ్ తెరిచి చూస్తే, మేమెన్నడూ చూడని అడ్రస్‌ల నుంచి నిమిషానికి పదుల సంఖ్యలో లాగిన్ ప్రయత్నాలు కనిపించాయి. పాస్‌వర్డ్ గట్టిది కావడంతో బయటపడ్డాం. ఫైర్‌వాల్ స్టేటస్ అడిగితే మాత్రం అంతా మూసే ఉందని చెప్పింది.

కారణం ఇది. యూఎఫ్‌డబ్ల్యూ నియమాలు సర్వర్‌కే వచ్చే ట్రాఫిక్‌ను ఆపుతాయి, లైనక్స్‌లో ప్యాకెట్‌లను వడకట్టే ఐపీటేబుల్స్ భాషలో దాన్ని ఇన్‌పుట్ చెయిన్ అంటారు. డాకర్ పబ్లిష్ చేసిన పోర్ట్‌కు వచ్చే ప్యాకెట్‌ల గమ్యం అంతకు ముందే కంటైనర్ అడ్రస్‌కు మారిపోతుంది. అప్పటి నుంచి అవి సర్వర్ మీదుగా దాటిపోయే ట్రాఫిక్ కిందికి వస్తాయి కాబట్టి ఫార్వర్డ్ చెయిన్‌లో వెళ్తాయి. ముందు తలుపుకు తాళం వేశాం, వాళ్లు పక్క తలుపులోంచి వెళ్లారు.

అందుకని నియమం ఒక్కటే: పోర్ట్స్ అనే లైను ప్రాక్సీ సర్వీస్‌కు మాత్రమే ఉండాలి, అందులో 80, 443 మాత్రమే ఉండాలి. వెబ్‌కు వద్దు, డేటాబేస్‌కు అసలే వద్దు. ఒకే కంపోజ్ నెట్‌వర్క్‌లో ఉన్న కంటైనర్లు ఒకదాన్నొకటి సర్వీస్ పేరుతో పిలుచుకోగలవు. డాకర్ లోపల 127.0.0.11 అడ్రస్ మీద ఒక చిన్న డీఎన్ఎస్ సర్వర్ ఉంటుంది, అదే వెబ్ అన్న పేరును కంటైనర్ అడ్రస్‌గా మార్చి ఇస్తుంది. ఆ మాటలకు పోర్ట్ పబ్లిష్ చేయాల్సిన పని లేదు. ఎప్పుడైనా మీ ల్యాప్‌టాప్ నుంచి డేటాబేస్ చూడాల్సి వస్తే 127.0.0.1:5432:5432 అని ముందు అడ్రస్ కలిపి రాయండి, ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ (సర్వర్‌లోకి లాగిన్ అయ్యే సురక్షిత కనెక్షన్‌లోంచి వేసే దారి) ద్వారా దాన్ని అందుకోండి.

ఇంకొంచెం గట్టిగా కట్టాలంటే రెండు నెట్‌వర్క్‌లు పెట్టండి. బయటి నెట్‌వర్క్‌లో ప్రాక్సీ, వెబ్. లోపలి నెట్‌వర్క్‌లో వెబ్, డేటాబేస్. లోపలి దానికి ఇంటర్నల్ అనే సెట్టింగ్‌ను ట్రూ చేస్తే ఆ నెట్‌వర్క్ నుంచి బయటి ప్రపంచానికి దారే ఉండదు. ప్రాక్సీకి డేటాబేస్ ఉందన్న సంగతి కూడా తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

సర్వీస్‌లు లేచే క్రమం కూడా ఇక్కడే చూసుకోవాలి. డిపెండ్స్ ఆన్ కింద పేరు మాత్రమే రాస్తే, కంపోజ్ ఆ కంటైనర్ మొదలయ్యేదాకానే ఆగుతుంది, సిద్ధమయ్యేదాకా ఆగదు. పోస్ట్‌గ్రెస్ కంటైనర్ మొదలవడానికీ అది కనెక్షన్లు తీసుకోవడానికీ మధ్య కొన్ని సెకన్లు పడుతుంది. డేటాబేస్‌కు పీజీ ఈజ్‌రెడీ కమాండ్‌తో హెల్త్ చెక్ పెట్టి, వెబ్ దగ్గర కండిషన్‌గా సర్వీస్ హెల్తీ అని ఇవ్వండి.

ఇప్పుడు పరీక్ష. ప్రాక్సీ కంటైనర్‌ను ఏ మార్పూ లేకుండా లేపి, దాని లోపలికి వెళ్లి, అక్కడి నుంచి, కమాండ్ లైన్‌లో రిక్వెస్ట్ పంపే కర్ల్‌తో వెబ్:8000 స్లాష్ హెల్త్ అని అడగండి. 200 వస్తే ఈ మజిలీ పూర్తయినట్టే. పేరు దొరకలేదంటే రెండు కంటైనర్లు ఒకే నెట్‌వర్క్‌లో లేవు. కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటే పేరు దొరికింది గానీ అక్కడ వినేవాళ్లు లేరు. పోర్ట్ నంబర్ తప్పయినా కావాలి, పైన చెప్పిన 127.0.0.1 సమస్య అయినా కావాలి. ఈ పరీక్ష సర్వర్ నుంచి కాకుండా ప్రాక్సీ కంటైనర్ లోపలి నుంచి చేయడం ముఖ్యం, ఎందుకంటే రేపు రిక్వెస్ట్ పంపబోయేది అదే.

మూడో మజిలీ: ఎన్‌జిన్ఎక్స్ కాన్ఫిగ్

సర్వర్ బ్లాక్‌లో లిజన్ 80, సర్వర్ నేమ్ దగ్గర మీ డొమైన్, లొకేషన్ స్లాష్ లోపల ప్రాక్సీ పాస్‌కు విలువగా హెచ్‌టీటీపీ, వెబ్, 8000 కలిపిన అడ్రస్. ఇంతటితో పేజీ కనిపిస్తుంది. కనిపించింది కదా అని ఆగిపోకండి, ఇందులో మూడు మెలికలు ఉన్నాయి.

ఒకటి, చివరి స్లాష్. లొకేషన్ స్లాష్ ఏపీఐ స్లాష్ అని ఉన్నప్పుడు, ప్రాక్సీ పాస్ అడ్రస్ చివర స్లాష్ లేకపోతే అప్లికేషన్‌కు పూర్తి దారి వెళ్తుంది, ఏపీఐ అన్న ముక్కతో సహా. స్లాష్ ఉంటే, లొకేషన్‌తో సరిపోలిన ఆ ముక్కను తీసేసి మిగతాది పంపుతుంది. రెండూ సరైనవే, మీ అప్లికేషన్ ఏది ఆశిస్తోందో దాన్ని బట్టి ఎంచుకోవాలి. అన్ని పేజీలూ 404 ఇస్తుంటే, ఆ 404 అప్లికేషన్ లాగ్‌లో కూడా కనిపిస్తుంటే, ముందు అనుమానించాల్సింది ఈ స్లాష్‌నే.

రెండు, పాతబడిన అడ్రస్. ఎన్‌జిన్ఎక్స్ ప్రాక్సీ పాస్‌లో ఉన్న పేరును తాను మొదలైనప్పుడు ఒకసారి అడ్రస్‌గా మార్చుకుని, దాన్నే పట్టుకుని ఉంటుంది. మీరు వెబ్ కంటైనర్‌ను కొత్త ఇమేజ్‌తో మళ్లీ సృష్టిస్తే దానికి వేరే అడ్రస్ రావచ్చు. ప్రాక్సీ పాత అడ్రస్‌కే పంపుతూ 502 చూపిస్తుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది, అప్‌డేట్ చేశాక పోయింది, ప్రాక్సీ రీస్టార్ట్ చేస్తే వచ్చింది" అన్న అనుభవానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. పరిష్కారాలు రెండు. ప్రతి అప్‌డేట్ తర్వాత ఎన్‌జిన్ఎక్స్‌ను రీలోడ్ చేయడం ఒకటి. రిసాల్వర్ అనే డైరెక్టివ్‌లో 127.0.0.11 ఇచ్చి, వ్యాలిడ్ 10 సెకన్లు అని చెప్పి, అడ్రస్‌ను ఒక వేరియబుల్‌లో పెట్టి ప్రాక్సీ పాస్‌కు ఆ వేరియబుల్ ఇవ్వడం రెండోది. అప్పుడు పేరును ఎప్పటికప్పుడు మళ్లీ అడుగుతుంది. ఈ రెండో పద్ధతిలో ఇంకో మేలు ఉంది: వెబ్ కంటైనర్ లేకపోయినా ఎన్‌జిన్ఎక్స్ మొదలవుతుంది. లేదంటే అప్‌స్ట్రీమ్ హోస్ట్ (తాను రిక్వెస్ట్ పంపాల్సిన వెనుక సర్వర్) దొరకలేదని అసలు లేవనే లేవదు, దాంతో ఆ ప్రాక్సీ మీద ఆధారపడ్డ మిగతా సైట్లు కూడా పడిపోతాయి. వేరియబుల్ వాడినప్పుడు అడ్రస్ చివర స్లాష్ పెట్టకండి. పెడితే ప్రతి రిక్వెస్ట్ దారీ ఆ ఒక్క స్లాష్‌గా మారిపోతుంది.

మూడు, ఫైల్ మౌంట్. కాన్ఫిగ్ ఫైల్ ఒక్కదాన్నే కంటైనర్‌లోకి మౌంట్ చేస్తే, మీ ఎడిటర్ సేవ్ చేసేటప్పుడు పాత ఫైల్ తీసేసి కొత్తది సృష్టించే రకమైతే, కంటైనర్ పాత ఫైల్‌నే చూస్తూ ఉంటుంది. ఎన్ని రీలోడ్‌లు చేసినా మార్పు కనిపించదు. ఫైల్ బదులు మొత్తం ఫోల్డర్‌ను మౌంట్ చేయండి.

మార్పు చేసిన ప్రతిసారీ ముందు ఎన్‌జిన్ఎక్స్ -టి తో పరీక్ష, ఆ తర్వాతే రీలోడ్. రీలోడ్ నడుస్తున్న కనెక్షన్లను తెంచదు, రీస్టార్ట్ తెంచుతుంది.

ఇంకొకటి. ఏ సర్వర్ నేమ్‌తోనూ సరిపోలని రిక్వెస్ట్ వస్తే ఎన్‌జిన్ఎక్స్ ఆ పోర్ట్ మీద ఉన్న మొదటి సర్వర్ బ్లాక్‌కు దాన్ని ఇచ్చేస్తుంది. మీ ఐపీ అడ్రస్ కొట్టినవాళ్లకూ, ఎవరో పొరపాటున మీ వైపు తిప్పిన డొమైన్‌కూ మీ అప్లికేషనే కనిపిస్తుంది. డిఫాల్ట్ సర్వర్ అని గుర్తుపెట్టిన ఒక ఖాళీ బ్లాక్ రాసి, అందులో 444 రిటర్న్ చేయండి. అది ఏ జవాబూ ఇవ్వకుండా కనెక్షన్ మూసేస్తుంది.

నాలుగో మజిలీ: అప్లికేషన్‌కు నిజం చేరవేయడం

దారి పూర్తయింది, ఇక కబురు సంగతి. ప్రాక్సీ వచ్చాక అప్లికేషన్‌కు బయటి ప్రపంచం కనిపించదు. దానికి ప్రతి రిక్వెస్టూ ఒకే మనిషి నుంచి, అంటే ప్రాక్సీ నుంచి, మామూలు హెచ్‌టీటీపీలో, వెబ్:8000 అనే పేరు మీద వచ్చినట్టు ఉంటుంది. ఎన్‌జిన్ఎక్స్ మామూలుగా హోస్ట్ హెడర్‌ను (రిక్వెస్ట్‌తో పాటు వెళ్లే చిన్న చీటీలే హెడర్లు, వాటిలో డొమైన్ పేరున్నదాన్ని) కూడా ప్రాక్సీ పాస్‌లో ఉన్న పేరుతో మార్చేస్తుంది. పాస్‌వర్డ్ రీసెట్ ఈమెయిల్‌లో లింక్ వెబ్:8000 అని వెళ్లిందంటే కారణం అదే.

కాబట్టి ప్రాక్సీ సెట్ హెడర్‌తో నాలుగు పంపాలి. హోస్ట్‌కు డాలర్ గుర్తుతో హోస్ట్. ఎక్స్-రియల్-ఐపీకి రిమోట్ అడ్రస్. ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటోకు స్కీమ్, అంటే వచ్చింది హెచ్‌టీటీపీలోనా హెచ్‌టీటీపీఎస్‌లోనా అన్నది. నాలుగోది ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్. చాలా ఉదాహరణల్లో దీనికి ప్రాక్సీ యాడ్ ఎక్స్ ఫార్వర్డెడ్ ఫర్ అనే వేరియబుల్ ఇస్తారు. అది క్లయింట్ పంపిన పాత విలువను అలాగే ఉంచి, చివర అసలు అడ్రస్ కలుపుతుంది. అంటే ఎవరైనా తమ రిక్వెస్ట్‌లో ఆ హెడర్‌ను అబద్ధంతో నింపి పంపితే, ఆ అబద్ధం జాబితాలో మొదటి స్థానంలో మీ అప్లికేషన్‌దాకా వస్తుంది. మొదటి అడ్రస్‌నే నమ్మే అప్లికేషన్ అయితే, లాగిన్ ప్రయత్నాల మీద మీరు పెట్టిన పరిమితిని ఎవరైనా సులువుగా దాటేస్తారు. మీ ఎన్‌జిన్ఎక్స్ ముందు వేరే ప్రాక్సీ గానీ సీడీఎన్ (పేజీలను చాలా చోట్ల నుంచి అందించే మధ్యవర్తి సర్వీస్) గానీ లేకపోతే, కలపడం మానేసి నేరుగా రిమోట్ అడ్రస్‌నే ఆ హెడర్‌లో పెట్టండి.

ప్రాక్సీ సెట్ హెడర్ లైన్లకు ఒక గుణం ఉంది. సర్వర్ స్థాయిలో నాలుగు రాసి, లొకేషన్ లోపల కొత్తగా ఒక్కటి రాసినా, పైనున్న నాలుగూ ఆ లొకేషన్‌కు వర్తించవు. వెబ్‌సాకెట్ (బ్రౌజర్, సర్వర్ మధ్య తెరిచే ఉండే రెండు వైపుల కనెక్షన్) కోసం ఒక లొకేషన్‌లో ఒక లైను కలిపిన రోజు నుంచి అక్కడ మాత్రమే హోస్ట్ తప్పుగా వెళ్తుంటుంది. ఈ తప్పు దొరకడానికి నాకు ఒకసారి సగం రోజు పట్టింది. అప్పటి నుంచి నాలుగు లైన్లనూ వేరే చిన్న ఫైల్‌లో పెట్టి, ప్రతి లొకేషన్‌లోనూ ఇన్‌క్లూడ్ చేస్తున్నాను.

హెడర్లు పంపితే సరిపోదు, అప్లికేషన్ వాటిని నమ్మాలి కూడా. ఎవరిని పడితే వాళ్లను నమ్మకూడదు కాబట్టి, ఫ్రేమ్‌వర్క్‌లు మామూలుగా ఈ నమ్మకాన్ని ఆపి ఉంచుతాయి. జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ ఎక్స్‌ప్రెస్‌లో ట్రస్ట్ ప్రాక్సీ సెట్టింగ్ ఉంది. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో సెక్యూర్ ప్రాక్సీ ఎస్ఎస్ఎల్ హెడర్, దానితో పాటు అలౌడ్ హోస్ట్స్, సీఎస్ఆర్ఎఫ్ ట్రస్టెడ్ ఆరిజిన్స్ కూడా చూసుకోవాలి. పైథాన్ సర్వర్లైన గునికార్న్, యువికార్న్‌లు మామూలుగా 127.0.0.1 నుంచి వచ్చిన ఫార్వర్డెడ్ హెడర్లనే నమ్ముతాయి. కంటైనర్ల మధ్య ప్రాక్సీ వచ్చేది వేరే అడ్రస్ నుంచి, కాబట్టి ఫార్వర్డెడ్ అలౌ ఐపీస్ అనే ఆప్షన్‌లో మీ డాకర్ నెట్‌వర్క్‌కు సరిపోయే విలువ ఇవ్వాలి. వెబ్ పోర్ట్ బయటికి తెరవకూడదు అని గట్టిగా చెప్పడానికి ఇదీ ఒక కారణం. అప్లికేషన్ ఈ హెడర్లను నమ్ముతున్నప్పుడు, ప్రాక్సీని తప్పించుకుని నేరుగా వచ్చినవాడు ఏ అబద్ధమైనా చెప్పగలడు.

స్కీమ్ కబురు చేరకపోతే ఏమవుతుందో చూడండి. బ్రౌజర్ హెచ్‌టీటీపీఎస్‌తో వస్తుంది. ప్రాక్సీ దాన్ని విప్పి హెచ్‌టీటీపీలో లోపలికి పంపుతుంది. అప్లికేషన్ "ఇది సురక్షితం కాదు" అనుకుని హెచ్‌టీటీపీఎస్‌కు వెళ్లమని రీడైరెక్ట్ ఇస్తుంది. బ్రౌజర్ మళ్లీ అక్కడికే వస్తుంది. గానుగెద్దులా తిరిగి తిరిగి, చివరికి రీడైరెక్ట్‌లు ఎక్కువయ్యాయని బ్రౌజర్ చేతులెత్తేస్తుంది. ఈ మెసేజ్ కనిపిస్తే కుకీలు తుడవడంలో సమయం పోగొట్టుకోకుండా ముందు ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో చూడండి.

ఈ మజిలీ పరీక్షించడానికి, వచ్చిన హెడర్లన్నీ తిరిగి చూపించే ఒక చిన్న పేజీని అప్లికేషన్‌లో తాత్కాలికంగా పెట్టుకోండి. ఫోన్ నుంచి మొబైల్ డేటాతో తెరిచి, అక్కడ కనిపించే ఐపీ మీ ఫోన్‌దేనా, హోస్ట్ మీ డొమైనేనా అని చూడండి. సర్టిఫికెట్ పెట్టాక ఇదే పేజీలో స్కీమ్ కూడా హెచ్‌టీటీపీఎస్‌గా మారిందో లేదో చూసి, ఆ తర్వాత పేజీని తీసేయండి.

ఐదో మజిలీ: సర్టిఫికెట్

లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ హెచ్‌టీటీపీఎస్‌కు కావాల్సిన సర్టిఫికెట్లు ఉచితంగా ఇస్తుంది, మామూలుగా వాటి గడువు 90 రోజులు. వాటిని తెచ్చిపెట్టే సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్‌ను ఇంకో కంటైనర్‌గా పెట్టి, వెబ్‌రూట్ పద్ధతిలో నడపడం సులువు. అది ఒక ఫైల్‌ను ఫోల్డర్‌లో పెడుతుంది, ఎన్‌జిన్ఎక్స్ ఆ ఫోల్డర్‌ను 80 పోర్ట్ మీద చూపిస్తుంది, అవతలి వాళ్లు వచ్చి ఆ ఫైల్ చూసి డొమైన్ మీదేనని నిర్ధారించుకుంటారు. ఈ పద్ధతికి 80 పోర్ట్ తెరిచే ఉండాలి. హెచ్‌టీటీపీని వద్దనుకుని దాన్ని మూసేస్తే, రెన్యువల్ రోజున ఇబ్బంది పడతారు. ఒక డొమైన్ కింది సబ్‌డొమైన్‌లన్నిటికీ కలిపి ఒకే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ కావాలంటే మాత్రం డీఎన్ఎస్ పద్ధతి (డొమైన్ రికార్డుల్లో గుర్తు పెట్టి నిరూపించడం) ఒక్కటే దారి.

ప్రయోగాలన్నీ లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ల స్టేజింగ్ (పరీక్షల) సర్వర్ మీద చేయండి. సరిగ్గా అవే పేర్లకు వారంలో 5 సర్టిఫికెట్లకు మించి ఇవ్వరు. కాన్ఫిగ్ తప్పుతో ఆరోసారి ప్రయత్నిస్తే, మళ్లీ అవకాశం వచ్చేదాకా ఆగాలి.

అందరూ మరిచిపోయేది ఒకటుంది. సర్ట్‌బాట్ కొత్త సర్టిఫికెట్ తెచ్చి డిస్క్ మీద పెట్టినంత మాత్రాన ఎన్‌జిన్ఎక్స్ దాన్ని చదవదు. మెమరీలో ఉన్న పాతదాన్నే చూపిస్తూ ఉంటుంది. ఫైల్ తాజాగా ఉంటుంది, బ్రౌజర్ మాత్రం గడువు ముగిసిందంటుంది. రెన్యువల్ తర్వాత రీలోడ్ జరిగేలా పెట్టండి. అది కుదరకపోతే, రోజుకొకసారి ఎన్‌జిన్ఎక్స్‌ను రీలోడ్ చేసే క్రాన్ (నిర్ణీత సమయానికి దానంతటదే నడిచే పని) పెట్టినా చాలు, నష్టమేమీ లేదు. సర్టిఫికెట్ల గరిష్ఠ గడువును దశలవారీగా 2029 నాటికి 47 రోజులకు తగ్గించాలని, సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలూ బ్రౌజర్ తయారీదారులూ ఉన్న సీఏ బ్రౌజర్ ఫోరమ్ 2025లో నిర్ణయించింది. కాబట్టి చేత్తో రెన్యూ చేసే అలవాటును ఇప్పుడే మానుకోవాలి.

ఇంతకాలం ఈ సైట్‌కు హెచ్‌టీటీపీఎస్‌లోనే రావాలని బ్రౌజర్‌కు చెప్పే హెచ్ఎస్‌టీఎస్ హెడర్ మంచిదే, కానీ మొదటి రోజే ఏడాది గడువుతో పెట్టకండి. 5 నిమిషాలతో మొదలుపెట్టి, ఒకటి రెండు రెన్యువల్‌లు సాఫీగా జరిగాక పెంచండి. ఒకసారి బ్రౌజర్‌లోకి వెళ్లిన ఆ ఆదేశాన్ని దూరం నుంచి తీసేయడం మీ చేతుల్లో ఉండదు.

ఇదంతా ఎక్కువనిపిస్తే ఎన్‌జిన్ఎక్స్ బదులు క్యాడీ అనే ప్రాక్సీ వాడండి. డొమైన్ పేరు రాసి, దాని కింద రివర్స్ ప్రాక్సీ వెబ్:8000 అని రాస్తే సర్టిఫికెట్ తేవడం, రెన్యూ చేయడం, హెచ్‌టీటీపీఎస్‌కు మళ్లించడం, ఫార్వర్డెడ్ హెడర్లు పెట్టడం అన్నీ అదే చేసుకుంటుంది. ఒకటి రెండు అప్లికేషన్‌లు నడిపే వాళ్లకు నేను ముందు దీన్నే సూచిస్తాను. దాని డేటా ఫోల్డర్‌ను వాల్యూమ్‌లో (కంటైనర్ పోయినా మిగిలే డాకర్ నిల్వలో) పెట్టడం మాత్రం మరవకండి. లేకపోతే కంటైనర్ మళ్లీ సృష్టించిన ప్రతిసారీ కొత్త సర్టిఫికెట్ అడిగి, పైన చెప్పిన 5 పరిమితిని త్వరగా తాకుతుంది. ట్రెఫిక్ (Traefik) అనే ఇంకో ప్రాక్సీ అయితే కంటైనర్ల మీది లేబుల్స్ చూసి దారులు తానే కట్టుకుంటుంది. అందుకోసం చాలామంది దానికి డాకర్ సాకెట్ (డాకర్‌కు ఆదేశాలిచ్చే ద్వారం) ఇస్తారు. ఆ సాకెట్ చేతికి వస్తే సర్వర్ మీద రూట్ అధికారం వచ్చినట్టే, కాబట్టి ఆలోచించి ఇవ్వండి.

పరిమితులు, సమయాలు

ఎన్‌జిన్ఎక్స్ రిక్వెస్ట్ బాడీని మామూలుగా 1 మెగాబైట్ వరకే ఒప్పుకుంటుంది. ఫోన్‌తో తీసిన ఫొటో అప్‌లోడ్ చేస్తే 413 వస్తుంది, అప్లికేషన్ లాగ్‌లో దాని జాడే ఉండదు. క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్‌ను మీ అవసరానికి తగ్గట్టు పెంచండి, సున్నా పెట్టి హద్దు ఎత్తేయకండి.

ప్రాక్సీ రీడ్ టైమవుట్ 60 సెకన్లు. ఇది మొత్తం జవాబుకు ఇచ్చే సమయం కాదు, వరుసగా వచ్చే రెండు ముక్కల మధ్య ఆగే సమయం. ఏ ముక్కా రాకుండా 60 సెకన్లు దాటితే 504 వస్తుంది. రెండు నిమిషాలు పట్టే రిపోర్ట్ ఉందని దీన్ని 300 చేసేయడం తేలిక, కానీ ఆ పనిని బ్యాక్‌గ్రౌండ్ క్యూలోకి మార్చడమే అసలు పరిష్కారం.

వెబ్‌సాకెట్‌కు హెచ్‌టీటీపీ వెర్షన్ 1.1 పెట్టి, అప్‌గ్రేడ్, కనెక్షన్ హెడర్లను ముందుకు పంపాలి. సర్వర్ తానే వరుసగా మెసేజ్‌లు పంపే సర్వర్-సెంట్ ఈవెంట్స్ వాడితే ఆ లొకేషన్‌లో ప్రాక్సీ బఫరింగ్ ఆపేయండి. లేకపోతే మెసేజ్‌లన్నీ పోగుపడి ఒకేసారి వస్తాయి.

రోజువారీ నడక

ఇమేజ్‌కు లేటెస్ట్ ట్యాగ్ వద్దు. వెర్షన్ నంబర్ పెట్టండి, రేపు వెనక్కి వెళ్లాల్సి వస్తే ఎక్కడికి వెళ్లాలో తెలుస్తుంది. అప్‌డేట్ అంటే పుల్, ఆ తర్వాత డాకర్ కంపోజ్ అప్ -డి. మారిన సర్వీస్‌లే మళ్లీ సృష్టించబడతాయి. కంపోజ్ డౌన్‌కు -వి కలిపితే వాల్యూమ్‌లు కూడా, అంటే డేటాబేస్ మొత్తం, పోతాయి. ఆ రెండు అక్షరాలను అలవాటుగా ఎప్పుడూ కొట్టకండి.

డాకర్ మామూలుగా వాడే జేసన్ ఫైల్ లాగ్ డ్రైవర్‌కు హద్దు లేదు, డిస్క్ నిండేదాకా రాస్తూనే ఉంటుంది. మ్యాక్స్ సైజ్ 10 మెగాబైట్లు, మ్యాక్స్ ఫైల్ 3 అని ప్రతి సర్వీస్‌కూ ఇవ్వండి.

సమస్య వచ్చినప్పుడు స్టేటస్ నంబరే ఏ మజిలీ చూడాలో చెబుతుంది. 502 అంటే ప్రాక్సీ అప్లికేషన్‌ను అందుకోలేకపోయింది, లేదా మధ్యలో కనెక్షన్ తెగింది. 504 అంటే చాలావరకు అందుకుంది గానీ సమయానికి జవాబు రాలేదు. 413 ప్రాక్సీ సొంత నిర్ణయం. 500 చాలావరకు అప్లికేషన్‌దే. ప్రాక్సీ లాగ్‌లో 499 కనిపిస్తే, జవాబు కోసం ఎదురుచూడలేక బ్రౌజరే వెళ్లిపోయిందని అర్థం. అవి ఎక్కువగా ఉంటే అప్లికేషన్ నెమ్మదించింది. రెండు లాగ్‌లనూ పక్కపక్కన తెరిచి ఒక్క రిక్వెస్ట్ పంపండి. ప్రాక్సీ లాగ్‌లో కూడా కనిపించకపోతే డీఎన్ఎస్ గానీ ఫైర్‌వాల్ గానీ చూడాలి. ప్రాక్సీలో కనిపించి వెబ్‌లో కనిపించకపోతే తప్పు ఆ రెండింటి మధ్య ఉంది. రెండింట్లోనూ కనిపిస్తే కాన్ఫిగ్ ఫైల్ మూసేసి కోడ్ తెరవండి.

అన్నీ అయ్యాక, సైట్‌కు ఇంకా ఎవరూ రాకముందే, సర్వర్‌ను ఒకసారి రీబూట్ చేయండి. ప్రతి సర్వీస్‌కూ రీస్టార్ట్ పాలసీ అన్‌లెస్ స్టాప్‌డ్ అని ఉంటే, మీరు ఏ కమాండూ కొట్టకుండానే అన్నీ లేవాలి. రీబూట్ తర్వాత కంటైనర్లను డాకరే లేపుతుంది, అప్పుడు డిపెండ్స్ ఆన్ క్రమాన్ని అది చూడదు. కాబట్టి డేటాబేస్ కంటే ముందే వెబ్ లేచినా, కొంచెం ఆగి మళ్లీ ప్రయత్నించే ఓపిక మీ అప్లికేషన్‌కు ఉందో లేదో ఇక్కడ తేలిపోతుంది. ఆ తర్వాత బయటి కంప్యూటర్ నుంచి 5432, 8000 పోర్ట్‌లకు కనెక్ట్ అవడానికి ప్రయత్నించండి. రెండూ విఫలమైతే, ఆ రాత్రికి సైట్ అడ్రస్ అందరికీ ఇవ్వొచ్చు.